మూడో తొట్టి

సోమవారం పొద్దున ఏడు గంటలకు యమున గోనెపట్టా ఎత్తి చూసేసరికి ఎర్రలన్నీ గోడెక్కి ఉన్నాయి.

పుంగనూరులో వానపాముల్ని ఎర్రలంటారు. మొదటి తొట్టి సిమెంటు గోడకు, తడి తగిలినంత మేర, అవి ఒకదాన్నొకటి చుట్టుకుని ముద్దలు ముద్దలుగా వేలాడుతున్నాయి. ఎరువు అడుగున ఉండాల్సినవి ఎరువును వదిలి పారిపోవాలని చూసినట్టుంది వాటి వాలకం. యమున మునివేళ్ళతో పైపొర తోసి చూసింది. లోపల మిగిలినవి కదల్లేదు. పాలిపోయి, నడుమ ఉబ్బి, పట్టుకుంటే తునిగిపోతున్నాయి. వాసన కూడా మారిపోయింది. మంచి ఎరువుకు తొలివాన పడ్డ మన్ను వాసన ఉంటుంది. ఇప్పుడు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. రెండో తొట్టీ అంతే. మూడోదాని మీద పట్టా ఎత్తడానికి ఆమెకు చేతులాడలేదు.

ఏడాదిన్నరగా ఈ పనిలో ఉన్న మనిషి. ఎండకు కొన్ని చావడం, చీమలు పట్టి కొన్ని చావడం చూడనిది కాదు. ఆమె భయపడింది అందుకు కాదు. యమునకు అది ముట్టు మూడో రోజు.

సంతగేటు వెనక మునిసిపాలిటీవాళ్ళు ఇచ్చిన ఆ రేకుల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళ పొదుపు సంఘం సంత చెత్తను ఎరువు చేస్తోంది. అమ్ముడుపోని టమోటాలు, క్యాబేజీ రెక్కలు, ముదిరిన బెండకాయలు, అరటి బోదెలు ఇంతకు ముందు కాలవలో కుళ్ళి బజారంతా కంపు కొట్టేవి. ఇప్పుడవి పేడతో కలిసి, ఎర్రల కడుపులో పడి, టీపొడిలాంటి ఎరువై బయటికి వస్తున్నాయి. పని నేర్పడానికి వచ్చిన ఆఫీసరు పేడ ఎంత, చెత్త ఎంత, తడి ఎంత అని బోర్డు మీద రాసి మరీ చెప్పాడు. ముట్టు సంగతి ఆయన రాయలేదు. ఆ లోటు సంఘం లీడరు గౌరమ్మ తీర్చింది.

గౌరమ్మకు మదనపల్లె రోడ్డులో రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగులిల్లు ఉన్నాయి. పట్టుపురుగులింటి గడప ముట్టుతో ఉన్న ఆడది తొక్కకూడదు. తొక్కితే పురుగు గూడు కట్టకుండానే నల్లబడి చస్తుందని ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. "పురుగు ఏదైనా పురుగే. ఈ షెడ్డుకీ అదే కట్టుబాటు" అంది గౌరమ్మ మొదటి రోజే. కాదనేవాళ్ళెవరు? సంఘంలో సగం మంది పట్టుపురుగుల ఇళ్ళల్లో ఆకు కోసి బతికినవాళ్ళే. అప్పటినుంచి బయటున్న మనిషి కబురు పంపి నాలుగు దినాలు ఇంటి పట్టున ఉంటుంది. వరసలో తరవాతి మనిషి వచ్చి నీళ్ళు పోస్తుంది.

శనివారం యమున కబురు పంపలేదు. ఆ వారం తనతో వంతు ఉన్న ఉష, తన అక్క కూతురి చెవులు కుట్టిస్తున్నారని కుప్పం పోయింది. వరసలో తరవాతి మనిషి గౌరమ్మ కోడలు. పోయిన నెల ఆమె, "యమునక్కకు నెలకు రెండుసార్లు వస్తాదేమో" అని నలుగురిలో నవ్వింది. ఆ నవ్వుకు యమునకు ఇంకా ఒళ్ళంతా మండుతోంది. పైగా ఏప్రిల్ ఎండ. ఒక పూట నీళ్ళు తప్పితే తొట్లు పైనుంచి బెరడు కడతాయి. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. శనివారం, ఆదివారం తలస్నానం చేసి, రెండు గుడ్డలు గట్టిగా కట్టుకుని వచ్చి, మూడు తొట్లకూ రోజుకు పద్దెనిమిది బిందెలు పోసింది.

ఇప్పుడు ఎర్రలు గోడెక్కి చూపిస్తున్నాయి.

బయట బండి చక్రం కిర్రుమంది. చిన్నమ్మ వచ్చింది. సంత ఊడ్చి, ఆ చెత్తను తోపుడుబండిలో తెచ్చి తొట్ల పక్కన కుమ్మరించేది ఆమే. నలభై ఏళ్ళుంటాయేమో, ఎండకు కమిలిన మొహం, మాట తక్కువ. యమున పట్టా కప్పేయబోయింది గాని ఆలస్యమైంది.

"ఏందమ్మా, ఇట్ల సచ్చిపోయినాయి?" అంది చిన్నమ్మ తొట్టిలోకి వంగి.

"తెలీదు" అంది యమున. 

పది గంటలకల్లా ఉష తప్ప సంఘమంతా పోగైంది. గౌరమ్మ ఆటో దిగి, చెప్పులు బయట విడిచి, నేరుగా తొట్ల దగ్గరకు వచ్చింది. పొడుగు మనిషి, ఎవరినైనా కిందికి చూసే మాట్లాడుతుంది. చచ్చిన ఎర్రను అరచేతిలో వేసుకుని తిప్పి చూసింది. మూడో తొట్టి పట్టా ఆమే లాగేసింది.

మూడో తొట్టిలో ఎర్రలు బతికే ఉన్నాయి. నల్లటి ఎరువులో ఎర్రగా, నిగనిగలాడుతూ, వెలుతురు పడగానే లోపలికి జారుకున్నాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. 

"ఇంక అడగాల్సిన పని లేదు" అంది గౌరమ్మ. "ఇది మాగిన తొట్టి. దీనికి సెత్త వేసేది లేదు, ఎవురూ సెయ్యి పెట్టరు. సెత్త వేసేది ఆ రెంట్లోనే. ఆ రెండే సచ్చినాయి."

ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పన్నెండు మందిలో పదిమంది తలలు చిన్నమ్మ వైపు తిరిగాయి. ఆమె తోపుడుబండి కర్ర మీద కూర్చుని ఉంది. సంఘం కూర్చునేటప్పుడు ఆమె ఎప్పుడూ చాప మీద కూర్చోదు, ఎవరూ కూర్చోమనరు.

"నేను కాదమ్మా" అంది చిన్నమ్మ.

"నువ్వేనని ఎవురన్నారు? కాలనీలో కట్టుబాట్లు ఎట్లుంటాయో మాకు తెలీదు గదా. తెలీక వచ్చుంటావు."

"కాలనీ అయినా యాడైనా ఒగటే అమ్మా. నేను కాదు."

"కాకపోతే భయమేల? శుక్కురారం పొద్దున గంగమ్మ ముందర కర్పూరం ఆర్పు. శనివారం చిత్తూరు నుంచి ఆఫీసర్లు వస్తాండారు. వాళ్ళొచ్చే లోపల ఈ పీడ వదలాల."

అందరిలోకి పెద్దది గంగులమ్మ వక్క నములుతూ, "ఒక్కదానితోనే ఆర్పిస్తే బాగుండదు. సంఘమన్నాక అందరమూ ఆర్పుదాం" అంది. న్యాయం మాట్లాడానని ఆమె అనుకుంది. యమున తొట్టి అంచు పట్టుకుని నిలబడింది.

కర్పూరం ఆర్పడమంటే మాటలు కాదు. గుడి మెట్టు మీద కర్పూరం వెలిగిస్తారు. మాట చెప్పి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పాలి. నిజమైతే చెయ్యి కూడా కాలదంటారు. అబద్ధమైతే నెల తిరక్కుండా కళ్ళు పోతాయంటారు, లేదంటే కన్నబిడ్డ పోతుందంటారు. ఇవన్నీ నిజమా అని ఎవరూ పరీక్షించి చూడరు. పరీక్షించే ధైర్యం ఉన్న మనిషిని యమున ఇంతవరకు చూడలేదు.

మంగళవారం సాయంత్రానికి దీపికకు ఒళ్ళు వెచ్చబడింది.

యమునకు ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల. బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి పక్కన పడేసి, అన్నం వద్దని చాప మీద ముడుచుకుని పడుకుంది. యమున నుదుటి మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. ముట్టు తీరి తలకు పోసుకుని ఒక పూట కూడా కాలేదు. తన చెయ్యే తనకు అనుమానంగా ఉంది.

"ఎండదెబ్బ. మజ్జిగ తాపించు, తెల్లారేసరికి తగ్గుతాది" అన్నాడు యమున మొగుడు జయచంద్ర. ఆటో తోలి తోలి అతని మొహం కూడా ఎండకు వాడిపోయి ఉంది. మాత్ర తెచ్చి ఇచ్చాడు.

తెల్లవారింది గాని జ్వరం తగ్గలేదు. బుధవారం పొద్దున పిల్ల మెడ మీద రెండు ఎర్రటి పొక్కులు కనిపించాయి. చెమటకాయలే. ఏప్రిల్లో పుంగనూరులో చెమటకాయలు లేని పిల్ల ఉండదు. యమున మాత్రం ఆ రెంటినీ పదిసార్లు చూసింది. ఇంకా కర్పూరం ఆర్పనే లేదు, అప్పుడే మొదలుపెట్టిందా తల్లి? దోసిలితో నీళ్ళు తీసి పిల్ల మొహం తుడిచింది. రెండు రోజులు నీళ్ళు పోసినందుకు ఇంత శిక్షా అని కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు మళ్ళీ భయం వేసింది, చెంపలు వేసుకుంది.

శుక్రవారం దాకా ఆగడం తన వల్ల కాదని తేలిపోయింది. గౌరమ్మ దగ్గరకు పోయి కాళ్ళ మీద పడదాం, తిట్టినా కొట్టినా పడదాం, సంఘంలోంచి తీసేసినా సరే, కర్పూరం మాత్రం వద్దని చెబుదాం అనుకుంది. సంఘంలోంచి తీసేస్తే ఏముంది? టమోటా కోతలకు కూలికి పోవాలి. తన షెడ్డు, తన తొట్లు, తను నీళ్ళు పోస్తే మెత్తబడే ఎరువు ఇంక ఉండవు. ఆ మాట మనసులోకి రాగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కింటామెను పిల్ల దగ్గర కూర్చోబెట్టి మదనపల్లె రోడ్డు పట్టింది.

గౌరమ్మ పట్టుపురుగులింట్లో ఉంది. గడప బయటే యమున ఆగిపోయింది.

"స్నానం సేసొచ్చినావా?" లోపలినుంచి గౌరమ్మ అడిగింది.

"సేసినా అక్కా."

"అయితే లోపలికి రా. కాళ్ళు ఆడ పెట్టి రా."

గడప లోపల ఒక తట్టలో తెల్లటి పొడి పరిచి ఉంది. లోపలికి వచ్చేవాళ్ళు అందులో కాళ్ళు పెట్టి రావాలి. యమున పెట్టింది. పాదాల పగుళ్ళలో మంట పుట్టింది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. వరసలు వరసలుగా తట్టల్లో తెల్లటి పురుగులు, నాలుగో జ్వరం లేచి, ఆకు కోసం తలలెత్తి ఉన్నాయి. పురుగు చర్మం విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని వాళ్ళు జ్వరమంటారు. గౌరమ్మ పలచటి గుడ్డలో పొడి మూటకట్టి, ఒక్కో తట్ట మీద తడుతోంది. పొడి మంచులా పురుగుల మీద, ఆకుల మీద, కింద పేరుకున్న చెత్త మీద రాలుతోంది.

ఆ వాసన యమున ముక్కుకు తగిలింది. ఎక్కడో తగిలిన వాసనే. ఎక్కడ?

"ఏం పొడి అక్కా అది?"

"సున్నం, బ్లీచింగ్. జ్వరం లేసినాక సల్లకపోతే పురుగుకు రోగం తగులుకుంటాది" అని గౌరమ్మ ఇంకో తట్ట లాగింది. "ఎందుకొచ్చినావో సెప్పు."

యమున చెప్పలేకపోయింది. ఆమె కళ్ళు గోడవార ఎత్తి పెట్టిన చెత్త గంపల మీద నిలిచాయి. తిని వదిలిన ఆకు ఈనెలు, పురుగు పెంట, వాటి మీద తెల్లటి పొడి. సరిగ్గా ఇలాంటి గంపలే నాలుగు శనివారం పొద్దున గౌరమ్మ ఆటోలో షెడ్డుకు పంపింది. ఆఫీసర్లు వచ్చేసరికి తొట్లు కుంగి కనపడకూడదు, నిండుగా ఉండాలని. పట్టుపురుగు చెత్తను మించిన ఎరువు లేదని అందరికీ తెలిసిందే. ఆ నాలుగు గంపలూ తొట్లలో పరిచింది యమునే. తెల్లగా ఉందేమిటి అనుకుంది. అంతకు మించి అనుకోలేదు. రెండు తొట్లకే సరిపోయింది. మూడోదానికి వేయలేదు.

మూడోదానికి నీళ్ళు పోసింది. నీళ్ళు పోయడమే కాదు, ఆదివారం ఎవరో వేసిన ప్లాస్టిక్ కవరు కనిపిస్తే మోచేతి దాకా చెయ్యి దింపి తీసింది. ఎర్రలు చేతికి చుట్టుకున్నాయి. అవి బతికే ఉన్నాయి.

ఆమె గంపలోంచి చిటికెడు పొడి తీసి వాసన చూసింది, శనివారం గంపల వాసనే.

"అక్కా, ఆ సెత్తేమో అక్కా ఎర్రల్ని సంపింది. ఈ పొడి."

గౌరమ్మ చెయ్యి ఆగింది. "మా తాతల కాలం నుంచి ఈ సెత్త సేండ్లకు వేస్తాండాం. ఏ ఎర్ర సచ్చింది?"

"అది దిబ్బలో ఏడాది మాగినాక గదా వేసేది. మనం పచ్చిది వేసినాం."

 గౌరమ్మ గుడ్డమూట కింద పెట్టి, చేతులు దులుపుకుని, యమున దగ్గరగా వచ్చింది.

"సరే. నీ మాటే నిజమనుకుందాం. మూడో తొట్టికి సెత్త వేయలేదు గాబట్టి బతికిందంటావు. వాళ్ళేమంటారు? ముట్టుతో ఉండే మనిషి మూడో తొట్టి ముట్టలేదు గాబట్టి బతికిందంటారు. కాదు, ముట్టింది అని ఎవురు సెప్పాల?"

యమున పాదాలకు అంటిన పొడి దులుపుకుంది.

"ఉష కుప్పంలో ఉండాది. మూడు దినాలు షెడ్డులో ఉండింది నువ్వొక్కదానివే. పోయిన నెల నువ్వు ఏ తేదీన కబురు పంపినావో నా కోడలు నాకు నిన్ననే సెప్పింది. నేను ఎవురితోనన్నా అన్నానా?" గౌరమ్మ గొంతు చాలా మెత్తగా ఉంది. యమునకు ఆ మెత్తదనమే భయం పుట్టించింది. "నీ బిడ్డకు జ్వరమంట గదా. నువ్వు కర్పూరం ఆర్పాల్సిన పని లేదు. గంగులమ్మకు నేను సెప్తా. సిన్నమ్మ ఒక్కతే ఆర్పుతుంది. ఆర్పకపోతే తప్పు తేలినట్టే. ఆర్పితే గంగమ్మ సూసుకుంటాది. ఎట్లైనా అది మళ్ళా షెడ్డుకు రాదు, సల్లగా ముగిసిపోతాది. ఊడ్సేదానికి ఇంకో మనిషి దొరకదా?"

తిరిగి వస్తూ యమునకు రోడ్డు కనిపించలేదు. లోపల ఒక మూల బరువు దిగినట్టయింది. కర్పూరం ఆర్పే పని లేదు. అంత తేలిక ఎందుకైందో తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆ తేలిక మాత్రం పోలేదు.

గురువారం షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఆమె ఒక కొబ్బరిచిప్ప తీసుకుంది. మూడో తొట్టిలోంచి పిడికెడు ఎరువు, ఆరు ఎర్రలు వేసింది. మొదటి తొట్టి పైపొరలోంచి తెల్లగా కనిపిస్తున్న చెత్త చిటికెడు తీసి వాటి మీద చల్లి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించింది. ఎక్కువసేపు పట్టలేదు. ఎర్రలు మెలికలు తిరిగాయి. చిప్ప అంచు ఎక్కాయి, కింద పడ్డాయి. ఒకటి తన తోకను తనే తెంపుకుంది. యమున చూడలేక మొహం తిప్పుకుంది.

అనుమానం తీరింది. తీరినందుకు ఏం లాభం? నిన్నటిదాకా తప్పు చేశానన్న భయం. ఇవాళ తప్పు ఎక్కడుందో తెలిసిన భయం. ఈ రెండోది మొదటిదానికంటే బరువుగా ఉంది.

బండి కిర్రుమంది. ఆమె చిప్పను చీరకుచ్చిళ్ళ వెనక్కు జరిపింది. చిన్నమ్మ చెత్త కుమ్మరించి, పారతో ఒక పక్కకు నెట్టి, పచ్చి టమోటాల్లోంచి రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ కవర్లు ఏరుతోంది. ఆ ఏరే పని ఎవరూ చేయమని చెప్పలేదు. తొట్టిలో పడితే ఎర్రలకు మంచిది కాదని తనే చేస్తుంది.

"బిడ్డకెట్ల ఉండాదమ్మా?" అంది తల ఎత్తకుండా.

"ఉండాది. అట్లే ఉండాది."

"వేపాకు కింద పరిసి పండుకోబెట్టు. సల్లగుంటాది."

యమున నోరు తెరిచింది. చెప్పేయాలనిపించింది. చెబితే ఈమె పోయి నలుగురికీ చెబుతుంది. చెప్పక ఏం చేస్తుంది పాపం, తన నెత్తిన పడింది కదా. నోరు మూసుకుంది. రేపటి సంగతి అడగడానికి కూడా భయమేసింది. "నువ్వేం భయపడొద్దు" అనబోయి, ఆ మాట తన నోట ఎంత పాపిష్టిగా ఉంటుందో తోచి ఊరుకుంది. చిన్నమ్మ పార గోడకు ఆనించి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున గంగమ్మ గుడి మెట్ల దగ్గర పదకొండు మంది చేరారు. ఉష ఇంకా రాలేదు. యమున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు దీపిక నుదురు తడిమితే చెమట తగిలింది. జ్వరం దిగుతున్న చెమటో, ఎక్కుతున్న చెమటో ఆమెకు తెలియలేదు.

చిన్నమ్మ అందరికంటే ముందే వచ్చింది. తలస్నానం చేసి, తడి జుట్టు కొస ముడివేసుకుని, ఉతికిన నీలం చీర కట్టుకుంది. పూజారి మెట్టు మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించి, తనకెందుకన్నట్టు పక్కకు తప్పుకున్నాడు. ఎండలో మంట సరిగా కనిపించడం లేదు, పైన గాలి మాత్రం వణుకుతోంది.

చిన్నమ్మ గొంతుక్కూర్చుంది. "ఏమని ఆర్పాల?"

"ముట్టుతో షెడ్డు లోపలికి పోలేదని" అంది గౌరమ్మ.

"అంతేనా?" అని చిన్నమ్మ చెయ్యి ఎత్తింది.

ఆ ఎత్తిన చెయ్యి చూసేసరికి యమునకు ఒకటే తోచింది. ఆమె నిజం చెప్పి ఆర్పుతుంది. నిజంతో ఆరిన కర్పూరం ఊరుకుంటుందా? తప్పు ఎవరిదని తల్లి వెతుక్కుంటూ వస్తుంది. ఎక్కడికి వస్తుందో యమునకు తెలుసు. చాప మీద ముడుచుకుని ఉన్న దీపిక కళ్ళ ముందు కనిపించింది. ధైర్యం వచ్చి మాట్లాడిందని తరవాత కొందరు అన్నారు. అది ధైర్యం కాదు, అచ్చమైన భయం.

"ఆగు! పోయింది నేను" అంది యమున.

 మాటలు ఇంక ఆమె ఆపినా ఆగేలా లేవు. "శనివారం, ఆదివారం, సోమారం, మూడు దినాలూ నేను ముట్టుతోనే ఉండినా. మూడు తొట్లకూ నీళ్ళు పోసినా. మూడో తొట్టిలో మోచేతి దాకా సెయ్యి పెట్టినా. అది బతికే ఉండాది. సచ్చినవి రెండే, నేను గౌరమ్మక్క పట్టుపురుగుల సెత్త పరిసినవి. దాంట్లో సున్నం, బ్లీచింగ్ ఉండాది. సిప్పలో వేసి సూసినా. నా కండ్ల ముందర సచ్చినాయి."

"అమ్మో" అంది ఎవరో. ఒకామె యమున పక్కనుంచి అడుగు దూరం జరిగింది. ఆమె జరగడం యమున చూసింది. ఇదే కదా ఇన్నాళ్ళూ భయపడింది అనుకుంది.

"దొంగమాటలు! తన తప్పు కప్పిపుచ్చుకోవాలని నా మీద వేస్తాంది!" గౌరమ్మ గొంతు గుడి ముందు ఖంగుమంది.

"అక్కా, నా తప్పు నేను ఒప్పుకున్నా. నన్ను తీసేయండి, పోతా. ఆ సెత్తలో పొడి లేదని నువ్వొక్కసారి కర్పూరం ఆర్పు. సాలు."

అందరూ గౌరమ్మ వైపు చూశారు. కర్పూరం వెలుగుతోంది. ఆమె ఒక మెట్టు ఎక్కింది. కుడిచెయ్యి కొంగు కిందనుంచి బయటికి తీసింది, మళ్ళీ లోపలికి పెట్టుకుంది. యమున అంత దగ్గరగా గౌరమ్మ మొహం ఎప్పుడూ చూడలేదు. పై పెదవి మీద చెమట పట్టింది. ఈ మనిషికీ పిల్లలున్నారు, కళ్ళున్నాయి. ఈమె కూడా తనలాగే వణుకుతోంది. అయిదు రోజులుగా ఈమెను చూసి తను హడలిపోయింది!

కర్పూరం చిన్నదైంది. నీలంగా ఒకసారి లేచింది. ఎవరి చెయ్యీ పడకుండానే తనంతట తను ఆరిపోయింది. మెట్టు మీద నల్లటి మరక మిగిలింది.

గౌరమ్మ మెట్టు దిగి, చెప్పులు వేసుకుంది.  ఆమె కర్పూరం ఆర్పకపోవడంతోనే అందరికీ అర్థమైంది. "మధ్యాన్నంలోపల ఆ సెత్తంతా ఎత్తి పారేయాల. రేపు ఆఫీసర్లొస్తారు" అంది, ఎవరి వైపూ చూడకుండా. యమునను తీసేయాలా వద్దా అన్న మాట ఎవరూ ఎత్తలేదు. దూరం జరిగిన ఆడమనిషి మాత్రం మళ్ళీ యమున పక్కకు రాలేదు.

గంగులమ్మ వక్క ఉమ్మి చిన్నమ్మ మీద విసుక్కుంది. తప్పు చేసినవాళ్ళ మీద విసుక్కోవడం కంటే అది సులువు. "నీకేమే నోరు లేదా? నేను కాదు అని గట్టిగా సెప్పకూడదా? ఇంత దూరం తెస్తివి."

చిన్నమ్మ లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకుంది.

"సెప్తి గదమ్మా సోమారం. ఎవురు విన్నారు?" అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఆరేండ్లయింది నాకు మదనపల్లెలో గర్భసంచి తీసి. యాడనుంచి వస్తాది ముట్టు?"

 మెట్ల మీద ఎండ అప్పుడే ముదురుతోంది.

"మరి ఈ మాట ముందే సెప్తే అయిపోయేది గదా!" అంది గంగులమ్మ, గొంతు తగ్గించి.

"నన్ను ఒకరన్నా అడిగినారా? ఏమే సిన్నమ్మా, నీకు ముట్టు వస్తాందా అని? నామీద తప్పు వేసేది వేసినారు, అడిగేది మాత్రం అడగలేదు. అడగకుండా నా కడుపు కోసిన సంగతి సంతలో నిలబడి సెప్పుకోవాల్నా?" చిన్నమ్మ చీరకొంగు నడుముకు దోపుకుంది. "నాకేం భయం? ఉండేది నిజమే గదా, ఆర్పేసి పనికి పోదామని వస్తి. సంత సెత్త ఎండకు ఉడికిపోతాంది, నేను పోతాండా."

ఆమె వెనక్కు తిరిగి చూడకుండా సంతగేటు వైపు నడిచింది. ఒకరిద్దరు ఏదో అనుకుంటూ ఆమె వెనకే కదిలారు. యమున మాత్రం మెట్టు దగ్గరే ఉండిపోయింది. అయిదు రోజులుగా ఆమె అన్నం తింటున్నా, పిల్లకు మందు తాపిస్తున్నా చిన్నమ్మే కళ్ళ ముందు మెదిలింది. పాపం అనుకుంది, అన్యాయం అనుకుంది, ఆమె కోసం ఏడ్చింది కూడా. గురువారం షెడ్డులో ఇద్దరే ఉన్నారు, మధ్యలో ఒక చెత్తకుప్ప తప్ప ఏమీ లేదు. అప్పుడు కూడా చిన్నమ్మే పిల్ల ఎలా ఉందని అడిగింది. యమున ఆమెను ఏమీ అడగలేదు.